అక్క పర్సు

ఆ వీధిలో చిన్నా పెద్దా అందరికీ ఆమె టైలరక్కే. ఆమెకంటే వయసులో బాగా పెద్దవాళ్ళు కూడా అక్కా అనే పిలిచేవారు. రైల్వే స్టేషనుకు వెళ్ళే దారిలో మందుల షాపుకీ జిరాక్సు కొట్టుకీ మధ్య ఇరుక్కున్నట్టుండే ఒక్క గది ఆమె కొట్టు. రెండు మిషన్లు, గుడ్డ కత్తిరించే బల్ల, మూలన బట్టలు తొడిగి చూసుకునేందుకు తెర కట్టిన చోటు, గోడ నిండా వేలాడే స్కూలు యూనిఫారాలు. ఎవరు లావయ్యారో, ఎవరు చిక్కిపోయారో, ఎవరికి నెల తప్పిందో వీధిలో అందరికంటే ముందు ఆమెకే తెలిసేది. తెలిసిన మాట ఆ గది గడప దాటేది కాదు.

అమ్మ పోయేనాటికి అక్క చదువు సగంలో ఉంది. చెల్లెలికి పాలపళ్ళు కూడా ఊడలేదు. నాన్న అంతకుముందే వేరే ఊళ్ళో వేరే కాపురం పెట్టుకున్నాడు. అక్క పుస్తకాలు మూసేసి అమ్మ మిషన్ ముందు కూర్చుంది. పెళ్ళి మాట ఎవరైనా ఎత్తితే, "దీన్ని ముందు ఒక గట్టెక్కించనీ" అనేది. చెల్లెలు గట్టెక్కేసరికి అడిగేవాళ్ళు అడగడం మానేశారు. చెల్లెలు పెరిగి పెద్దదై, అక్కకంటే జానెడు పొడుగై, కేంద్ర బ్యాంకులో ఉద్యోగం తెచ్చుకుని, వాళ్ళిచ్చిన క్వార్టర్సుకు మారింది. అయినా అక్క నోట ఆమె పేరు పొట్టే. "పొట్టీ, తిన్నావా?" అన్నదే అక్క ఫోన్లో ఎప్పుడూ మొదటి మాట.

ఆ సంవత్సరం దేశంలో నోట్లూ నాణేలూ తీసేసి, కేంద్ర బ్యాంకు నేరుగా మనిషి ఫోనులోకే పంపే డబ్బు తేవాలని ప్రభుత్వం ఆలోచించింది. దేశమంతా పెట్టేముందు ఒక ఊళ్ళో పెట్టి చూద్దామనుకున్నారు. ఆ ఊరు వీళ్ళదే అయింది. కొద్ది నెలల్లోనే నోట్లన్నీ బ్యాంకులు వెనక్కి తీసుకున్నాయి. ప్రతి మనిషికీ ఫోనులో ఒక పర్సు వచ్చింది. ఫోను లేనివాళ్ళకి ఒక కార్డు ఇచ్చారు. బ్యాంకు దానికేదో నోరు తిరగని పేరు పెట్టింది గాని, జనం దాన్ని గాలిడబ్బు అన్నారు. మొదట్లో సణిగారు, తిట్టుకున్నారు. చిల్లర గొడవ తప్పింది, జేబుదొంగల బెడద పోయింది, పింఛను పొద్దున్నే ఠంచనుగా వచ్చి పడింది. మెల్లగా అలవాటు పడ్డారు.

పొట్టి పని చేసేది పరిశీలన విభాగంలో. ఊళ్ళో ఎవరు ఎవరికి ఎంత పంపినా ఆ జాడ బ్యాంకు యంత్రాల్లో పడుతుంది. పేరు కనపడదు, నంబరే కనపడుతుంది. యంత్రానికి అనుమానం వచ్చిన పర్సును పొట్టి లాంటివాళ్ళు తెరిచి, పేరూ వివరాలూ చూస్తారు. తెరవాలంటే కారణం చూపించాలి: మోసమనో, పన్ను ఎగవేత అనో, కోర్టు ఉత్తర్వు అనో. అన్నిటికీ చివర "పరీక్ష" అని ఇంకో కారణం ఉండేది. యంత్రం సరిగా పనిచేస్తోందో లేదో చూసుకోవడానికి పెట్టారు. దాన్ని నొక్కితే ఎవరూ ఎందుకని అడగరు.

ఆదివారాలు పొట్టి అక్క ఇంటికి భోజనానికి వెళ్ళేది. కొట్టు వెనకే ఇల్లు. ఒకసారి తింటూ ఉండగా అక్క అంది, "నాకు మీ గాలిడబ్బు నచ్చలేదే."

"ఎందుకక్కా? హాయిగా ఉంది కదా."

"నేను ఎవరికిచ్చాను, ఎందుకిచ్చాను అన్నది మీ ఆఫీసులో ఎందుకుండాలి?"

"ఉన్నా ఎవరు చూస్తారక్కా? తప్పు చేస్తేనే చూస్తారు."

"నా కొట్లో మూలన తెర కట్టాను. దాని వెనక్కి వెళ్ళేవాళ్ళంతా తప్పు చేస్తున్నారా?"

"అది వేరు, ఇది వేరు."

"ఏమోలే, చదువుకున్నదానివి. నన్నొక్కదాన్నీ వదిలేయమని మీ పెద్దసారుకి చెప్పు" అని అక్క నవ్వింది.

పొట్టి కూడా నవ్వింది. "నీ పర్సులో ఏముంటుందక్కా, దారపు ఉండలూ గుండీలూ తప్ప!"

అక్క మొహంలో నవ్వు కాస్త తగ్గింది. పళ్ళెంలోకి చూస్తున్న పొట్టి దాన్ని గమనించలేదు.

వానలు మొదలయ్యేసరికి అక్క చిక్కిపోయింది. ఒళ్ళంతా కందిపోయినట్టు ఉండేది. ఏమైందంటే గ్యాసు అంది, మరోసారి యూనిఫారాల సీజను, నిద్ర చాలడంలేదు అంది. ఆదివారం రావద్దని, పని ఉందని రెండు మూడుసార్లు ఫోన్ చేసింది. పొట్టి ఒక గురువారం చెప్పకుండా వెళితే కొట్టు మూసి ఉంది. పక్కన జిరాక్సు కొట్టు ముసలాయన, "గురువారాలు మధ్యాహ్నం తియ్యదు కదమ్మా, చాన్నాళ్ళయింది" అన్నాడు. అక్కకి ఫోన్ చేస్తే, "గుడ్డ కొనడానికి వచ్చానే, బజార్లో ఉన్నా" అంది. చుట్టూ బజారు సందడేమీ వినపడలేదు.

ఆ మర్నాడు ఆఫీసులో పొట్టికి మనసు మనసులో లేదు. పక్క సీటావిడ టీకి వెళ్ళింది. అక్క నంబరు పొట్టికి నోటికి వచ్చు. కొట్టింది. కారణం అడిగితే "పరీక్ష" నొక్కింది. ఆ క్షణంలో తను చేస్తున్నది తప్పని ఆమెకు అనిపించలేదు. తలుపు సందులోంచి పడుకున్న మనిషిని ఒకసారి చూసి వెళ్ళినట్టే అనుకుంది.

తెర మీద మొదట కనపడింది నది అవతలి క్యాన్సర్ ఆసుపత్రి పేరు. తర్వాత మందులు. మళ్ళీ ఆసుపత్రి. కిందికి జరుపుతూ పోతే వేసవికి ముందు నుంచీ ఉంది.

అక్కడితో ఆగితే బాగుండేది. ఆగలేదు. ఆసుపత్రికి ఎదురుగా ఉన్న టీకొట్టులో ప్రతి గురువారం రెండు టీలు. సినిమాహాల్లో మధ్యాహ్నం ఆటకి రెండు టిక్కెట్లు. నదిలో పడవకి రెండు టిక్కెట్లు. వాటి మధ్యలో ఒకే పర్సుకి వెళుతూ, అక్కణ్ణుంచే తిరిగొస్తూ చిన్న చిన్న మొత్తాలు, ఈసారి నువ్వు, వచ్చేసారి నేను అనుకుంటున్నట్టు. ఆ పర్సు ఎవరిదో చూసింది. పాత పోస్టాఫీసు మెట్ల కింద గడియారాలు బాగుచేసే ఆయనది. పేరు పక్కన ఎర్రచుక్క ఉంది. కొన్నేళ్ళ కింద బస్సు కార్మికుల సమ్మెలో కరపత్రాలు పంచి జైలుకెళ్ళాడట. కేసు కొట్టేశారు గాని, పేరు నిఘా జాబితాలోనే ఉండిపోయింది.

పక్క సీటావిడ చెప్పులచప్పుడు వినపడింది. పొట్టి తెర మూసేసింది.

సాయంత్రం తిన్నగా కొట్టుకి వెళ్ళింది. అక్క మిషన్ మీద పిల్లవాడి ప్యాంటు అంచు మడుస్తోంది. పొట్టి గుమ్మంలో నిలబడి, ఏం చెప్పాలో తెలియక, "ఆసుపత్రికి నేనూ వస్తానక్కా ఇకనుంచి" అంది.

మిషన్ ఆగింది. "ఎవరు చెప్పారు?"

పొట్టి గుమ్మం దగ్గర చెప్పులు విప్పుకుంది.

"ఆసుపత్రివాళ్ళా? వాళ్ళకి నీ సంగతే తెలియదే..." అక్క సగంలో ఆగిపోయింది. చెల్లెలి మొహం వంక చూస్తూ ఉండిపోయింది. "చూశావా?"

"భయమేసి చూశానక్కా."

"అడగొచ్చుగా పొట్టీ."

"అడిగితే గ్యాసు అన్నావు."

"అన్నాను. ఆ రోజుకి చెప్పాలనిపించలేదు, అన్నాను. నీ ప్రమోషను పరీక్ష అవ్వనీ, అప్పుడు కూర్చోబెట్టి చెబుదామనుకున్నాను. ఎలా చెప్పాలో, ఏ మాటతో మొదలెట్టాలో రోజూ అనుకుంటూనే ఉన్నాను." అక్క ప్యాంటును మిషన్ కింద నుంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది. "నాకొచ్చిన జబ్బు, నా నోటితో నేను చెప్పుకునే వీల్లేకుండా చేశావు."

పొట్టి ఏడ్చింది. అక్క ఏడవలేదు.

"ఇంకేం చూశావు?"

"ఇంకేం లేదు."

"నీకు అబద్ధమాడటం చిన్నప్పటి నుంచీ రాదు. టిక్కెట్లు కూడా చూశావన్నమాట." అక్క నవ్వబోయింది. "సినిమా బాగుందో లేదో కూడా రాసుందా అందులో?"

"అక్కా..."

"ఇంటికి వెళ్ళు. నేను కొంచెంసేపు కుట్టుకుంటాను."

అంతకుమించి ఒక్క మాట అనలేదు. ఆ రోజు మొదలు అక్క చెల్లెలితో ముక్తసరిగా మాట్లాడటం మొదలుపెట్టింది. ఆసుపత్రికి తోడు రానిచ్చింది, సంచీ పట్టుకోనిచ్చింది. కాని కబుర్లు ఆగిపోయాయి. ఏమైనా అడిగితే, "నీకు తెలుసుగా" అనేది. ఆ మాటకి పొట్టి తల ఎత్తలేకపోయేది.

తర్వాతి వారం ఆసుపత్రి కౌంటరు దగ్గర అక్క ఫోను పెడితే డబ్బు వెళ్ళలేదు. మళ్ళీ పెట్టింది. "మీ పర్సు సమీక్షలో ఉంది" అని వచ్చింది. వెనకాల వరుసలో ఉన్నవాళ్ళు తొంగి చూశారు. కౌంటరులో అమ్మాయి గొంతు తగ్గించి, "ఏదైనా కేసు ఉందాండీ?" అని అడిగింది. పొట్టి గబగబా తన ఫోను తీసి కట్టేసింది. అక్క మొహం తెల్లగా పాలిపోయింది. ఇన్నేళ్ళలో ఒకరికి బాకీ పడి ఎరగదామె. ఆటోలో ఇంటికి వచ్చేదాకా బయటికే చూస్తూ కూర్చుంది.

పర్సులు ఎందుకు ఆగుతాయని ఆఫీసులో పక్క సీటావిడని ఊరికే అడుగుతున్నట్టు అడిగింది పొట్టి. ఆవిడ వెంటనే చెప్పింది. పరిశీలకులు ఏ కారణంతో పర్సు తెరిచినా, దానితో డబ్బు ఇచ్చిపుచ్చుకున్న పర్సులన్నీ యంత్రం తనంతట తనే వెతుక్కుంటుంది. అందులో నిఘా జాబితాలోది ఒక్కటున్నా మొదటి పర్సు ఆగిపోతుంది. "మరిచిపోయావా? ఆ నియమం పెట్టిన మీటింగులో నువ్వూ ఉన్నావుగా. మనమంతా బాగుందనే అన్నాం."

గుర్తుంది. ఆ రోజు పొట్టి తలూపింది. ఇన్ని నెలలుగా ఎవరి కంటా పడకుండా అక్క తన బతుకు తాను బతికింది. తను తెరిచింది గనకనే అది పట్టుబడింది.

డైరెక్టరు గారి గదికి వెళ్ళి జరిగిందంతా చెప్పింది. ఆయన చెడ్డవాడు కాదు. మంచినీళ్ళు తెప్పించాడు. అంతా విన్నాక చాలాసేపు పెన్ను మూత తీసి పెట్టి, తీసి పెట్టి, "మీరు తెరిచారన్న మాట నేను వినలేదనుకుంటాను. మీకూ మంచిది, ఆఫీసుకూ మంచిది. ఒక్క పొరపాటూ జరగలేదని పైకి రిపోర్టు వెళ్ళిపోయింది" అన్నాడు. "సమీక్ష ఆపడం నా చేతుల్లో లేదమ్మా. ఆసుపత్రికి ఫోన్ చేసి వైద్యం ఆగకుండా మాత్రం చూస్తాను." అన్నట్టే చేశాడు కూడా.

అక్కని విచారణకు పిలిచారు. చిన్న గది, బల్ల, రెండు కుర్చీలు. ఎదురుగా కూర్చున్నది చిన్న వయసు అమ్మాయి, ఎంతో మర్యాదగా మాట్లాడింది.

"ఆయన మీకేమవుతారమ్మా?"

అక్క పైట కొంగు సర్దుకుంది.

"బంధువా?"

"కాదు."

"మీ దగ్గర పనిచేస్తారా? అద్దెకుంటారా?"

"లేదు."

"మరి ఏమని రాయమంటారు?"

"గడియారాలు బాగుచేస్తాడు."

"అది ఆయన పనమ్మా. మీకేమవుతారని?"

అక్క చేతులు ఒళ్ళో పెట్టుకుని వాటినే చూసుకుంది. ఆ మాట ఆమె ఇంతవరకూ ఆయనతోనే అనలేదు. ఎప్పుడో ఒకనాడు అనాలనుకుని దాచుకున్న మాట. ముక్కూ మొహం తెలియని పిల్ల ముందు ఎలా అంటుంది? "తెలిసినాయన అని రాసుకోండి" అంది.

అమ్మాయి రాసుకుంది. "మీ ఇద్దరి పర్సులకీ కొన్నాళ్ళు సంబంధం కనపడకపోతే సమీక్ష దానంతటదే అయిపోతుందమ్మా. మిమ్మల్ని ఏమీ చెయ్యరు" అని ధైర్యం చెప్పి పంపింది.

ఆ మాటే అంతకుముందు రోజు ఆయనకీ చెప్పారు.

ఆ గురువారం వైద్యం అయ్యాక అక్క, "నువ్వు వెళ్ళు పొట్టీ, నేను కాసేపు కూర్చుని వస్తాను" అంది. ఎదురుగా టీకొట్టులో బెంచీ మీద కూర్చుంది. పొట్టి టీకి డబ్బు కట్టేసి, బస్టాపులో నిలబడి చూసింది. అక్క టీ చల్లారిపోయింది. ఎవరూ రాలేదు. ఆ తర్వాతి గురువారమూ రాలేదు. మూడోసారి అక్క టీకొట్టు వైపు చూడకుండానే ఆటో ఎక్కింది. ఫోన్ చెయ్యలేదు. ఆయనా చెయ్యలేదు. జబ్బు మనిషితో తిరిగి విసిగిపోయాడనుకుందో, పోలీసులంటే భయపడ్డాడనుకుందో, ఏమనుకుందో ఆమె ఎవరికీ చెప్పలేదు.

కొన్నాళ్ళకి "సమీక్ష ముగిసింది. అసౌకర్యానికి చింతిస్తున్నాము" అని వచ్చింది. పర్సు తెరుచుకుంది. కాని అక్క మంచం పట్టింది. ఇక ఇంటి దగ్గరే చూసుకోండి అన్నారు డాక్టర్లు. పొట్టి సెలవు పెట్టి అక్క దగ్గరికి వచ్చేసింది. కొట్టు తలుపులు మూసే ఉన్నాయి. వీధిలోవాళ్ళు వచ్చి గుమ్మంలో నిలబడి వెళ్ళేవారు. తలుపు చప్పుడైనప్పుడల్లా అక్క తల అటు తిప్పేది. వచ్చింది ఎవరో చూసి మళ్ళీ గోడవైపు తిప్పుకునేది.

ఒక మధ్యాహ్నం దుప్పటి సర్దుతుంటే పొట్టి ఉండబట్టలేక, "నన్ను క్షమించక్కా" అంది.

"నా మీద బెంగతోనే చూశావని తెలుసే. అందుకే మరీ బాధేసింది" అంది అక్క. గొంతు సన్నబడిపోయింది. "పరాయివాళ్ళు చూస్తే తిట్టి తలుపేసుకునేదాన్ని. నిన్నేం చెయ్యను?" చెల్లెలి చెయ్యి పట్టుకుంది. ఎన్నో నెలల తర్వాత పట్టుకోవడం. కాసేపటికి, "ఇవాళ ఏం వారమే?" అంది.

"గురువారం."

అక్క కళ్ళు మూసుకుంది.

పొట్టి జిరాక్సు కొట్టు ముసలాయన భార్యను కాపలా కూర్చోబెట్టి, చెప్పులేసుకుని బయల్దేరింది. పాత పోస్టాఫీసు మెట్ల కింద చెక్క డబ్బాలాంటి కొట్టు. కంటికి భూతద్దం బిగించుకుని ఒకాయన చేతిగడియారం మీదికి వంగి ఉన్నాడు. తల నెరిసిన మనిషి, చొక్కా శుభ్రంగా ఉంది. జేబు దగ్గర చిరుగుకు వేసిన రఫ్ఫు చూడగానే పొట్టి గుర్తుపట్టింది. అది అక్క చేతిపని.

"నేను టైలరక్క చెల్లెల్నండీ."

ఆయన భూతద్దం తీశాడు. "పొట్టి" అన్నాడు. అని, తల పైకెత్తి ఆమె ఎత్తు చూసి, నవ్వలేక నవ్వాడు. వెంటనే, "డబ్బు మళ్ళీ ఆగిపోలేదు కదా?" అని అడిగాడు.

"లేదండీ. మీరెందుకు రావడంలేదు?"

"రావద్దన్నారు."

"ఎవరన్నారు?"

"ఆ మాట నోటితో ఎవరూ అనలేదు. అర్థమయ్యేట్టు చెప్పారు. నేను దూరంగా ఉంటే ఆవిడ పర్సు తెరుచుకుంటుందన్నారు. ఆవిడకి ఆసుపత్రి కావాలి. ఇంక ఆలోచించడానికేముంది?"

"ఇంటికి రావచ్చుగా ఊరికే! ఫోను ఇంట్లో పెట్టి, ఏమీ కొనకుండా నడిచి వస్తే ఎవరికీ తెలియదు. అది డబ్బు జాడ తప్ప ఇంకేమీ చూడదండీ."

"అవునా?" ఆయన చేతిలో పట్టకారు బల్ల మీద పెట్టేశాడు. "అది ఏం చూస్తుందో ఏం చూడదో నాకెవరు చెప్పారమ్మా? మీ వీధిలోంచి నడవడం కూడా మానేశాను. ఫోన్ చేద్దామని తీసి మళ్ళీ లోపల పెట్టేసేవాణ్ణి. ఎవరితోనైనా కబురు పంపుదామంటే వాళ్ళ డబ్బు ఎక్కడ ఆగుతుందోనని భయం. తెలియదు కనక అన్నీ మానేశాను."

ఆ యంత్రానికి ఎన్ని కళ్ళున్నాయో పొట్టికి తెలుసు. తెలియనివాళ్ళకి ఊరంతా కళ్ళే అవుతుందని ఎప్పుడూ తోచలేదు.

"ఎలా ఉంది?" అని అడిగాడాయన.

"రండి" అంది పొట్టి.

ఆయన కొట్టు మూసి, ఫోను డ్రాయరులో పెట్టి, ఆమె వెనకే నడిచాడు. వీధి మలుపులో ఒకసారి ఆగి చుట్టూ చూశాడు. గదిలోకి అడుగుపెట్టగానే అక్క తల తిప్పింది. ఈసారి మళ్ళీ గోడవైపు తిప్పుకోలేదు.

"దారి మరిచిపోయావనుకున్నాను" అంది.

"మరిచిపోలేదు."

"గడియారాలవాడివి. ఇంత ఆలస్యమా?"

ఆయన మంచం పక్కన స్టూలు మీద కూర్చుని రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు. పొట్టి వంటగదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. కుళాయి తిప్పి, అవసరం లేకపోయినా గిన్నెలు కడిగింది. వాళ్ళ మాటలు వినపడకుండా నీళ్ళు వదిలేసి ఉంచింది.

ఆయన రోజూ మధ్యాహ్నాలు వచ్చేవాడు. ఆయన వచ్చినప్పుడల్లా పొట్టి ఏదో పని కల్పించుకుని బయటికి వెళ్ళేది. ఆ నెల గడవకుండానే ఒక ఉదయం, ఆయన రావడానికి ముందే, అక్క పోయింది. ఆయన వచ్చేసరికి ఇంటి ముందు జనం ఉన్నారు. ఎవరో, "ఈయనెవరు?" అని గుసగుసలాడారు. పొట్టి జనాన్ని తప్పించుకుంటూ వెళ్ళి ఆయన చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చింది. ఎవరికీ ఏమీ చెప్పలేదు.

చలికాలంలో విచారణ సంఘం ఊరికి వచ్చింది. గాలిడబ్బు దేశమంతా పెట్టాలా వద్దా అని జనం అభిప్రాయం వినడానికి. పాత లైబ్రరీ హాల్లో సభ. రిటైరైన జడ్జిగారు మధ్యలో కూర్చున్నారు. డైరెక్టరు గారు లేచి, ఈ ఊళ్ళో ఇన్ని నెలల్లో పర్సుల వివరాలు ఒక్కసారి కూడా దుర్వినియోగం కాలేదని చెప్పి కూర్చున్నారు. జనం చప్పట్లు కొట్టారు.

పొట్టి వెనక వరుసలోంచి లేచింది. ముందే చీటీ ఇచ్చింది గనక పిలిచారు. వెళ్ళి మైకు రెండు చేతులా పట్టుకుంది.

"ఒకసారి అయిందండీ. నేనే చేశాను."

ఆమె జరిగింది జరిగినట్టు చెప్పింది. ఆసుపత్రి సంగతి చెప్పింది, పర్సు ఆగిన సంగతి చెప్పింది. అక్క ఒక తెలిసినాయనతో టీ తాగేదని, ఆ తర్వాత తాగలేదని చెప్పింది. ఆయనెవరో, అక్కకి ఏమవుతాడో చెప్పలేదు. డైరెక్టరు గారు తల దించుకుని పెన్ను మూత చూసుకుంటున్నారు.

జడ్జిగారు కళ్ళజోడు తీశారు. "మీ అక్కగారు ఫిర్యాదు చేశారా?"

"చనిపోయారండీ."

"ఆ జబ్బుతోనేగా?"

"ఆ జబ్బుతోనేనండీ."

"డబ్బేమైనా పోయిందా?"

"లేదండీ. అంతా తిరిగి వచ్చింది."

జడ్జిగారు పెన్ను చేతిలోకి తీసుకున్నారు. ఆయన గొంతులో కాఠిన్యం లేదు. "అయితే అమ్మా, నష్టం ఏమిటని రాసుకోమంటారు?"

పొట్టి చెప్పబోయింది. టీకొట్టు బెంచీ మీద కూర్చున్న అక్క కళ్ళ ముందుకొచ్చింది. మైకు వదిలేసింది. కాసేపు చూసి జడ్జిగారు, "కూర్చోండి, ఫరవాలేదు" అన్నారు. తర్వాతి పేరు పిలిచారు.

ఆమె ఉద్యోగం పోయింది. జరిమానా కూడా వేశారు. వెయ్యడం న్యాయమేనని ఆమె కట్టేసింది. గాలిడబ్బు దేశమంతా వచ్చింది. విచారణ సంఘం చెప్పిన మీదట ఆ కారణాల్లోంచి "పరీక్ష" తీసేశారు. ఎవరి పర్సు తెరిచినా వాళ్ళకి కబురు వెళ్ళేట్టు చట్టంలో రాశారు. మొదట్లో ఆ కబురు వచ్చినప్పుడు జనం ఉలిక్కిపడేవారు. ఇప్పుడు బస్సులో, వరుసల్లో నిలబడి, వేలితో పక్కకి నెట్టేసి పని చూసుకుంటున్నారు.

పొట్టి ఒక బడిలో లెక్కలు చెబుతోంది. అప్పుడప్పుడు సాయంత్రాలు పాత పోస్టాఫీసు వైపు వెళుతుంది. ఆయన స్టూలు జరిపి కూర్చోమంటాడు. ఎక్కువ మాట్లాడుకోరు. ఒకరోజు ఆమె అడిగింది, "మీరిద్దరూ మొదట ఎక్కడ కలిశారండీ?"

ఆయన చేస్తున్న పని ఆపలేదు. "మీ అక్క నీకు చెప్పిందా?"

"లేదండీ."

"అయితే నేను చెప్పడం బాగుండదమ్మా. చెప్పాలనుకుంటే తనే చెప్పేది" అన్నాడు మెత్తగా.

పొట్టి సరేనన్నట్టు తలూపింది. మళ్ళీ ఎప్పుడూ అడగలేదు.